రాక్షసుడు చచ్చిన పూట

వరహాలమ్మ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పేవారు కాదు. చూరుకి తగిలించిన నల్లగొడుగు తీసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, నడవడం మొదలుపెట్టేవారు. అడిగినవాళ్ళు వెనకాల నడవాలి. ఆవిడ ఎక్కడ ఆగితే జవాబు అక్కడ ఉన్నట్టు. కొందరికి అది కనిపించేది, కొందరికి కాళ్ళనొప్పులు మాత్రం మిగిలేవి. ఉద్దానం జీడితోటల మధ్య నలభై ఏళ్ళు బాలవాడి నడిపి, ఆ తర్వాత బాలవాడి పంతులమ్మలకే పాఠాలు చెప్పిన మనిషి ఆవిడ. ఆ గొడుగు వెనక నేను నడిచినంత దూరం ఈ జిల్లాలో ఇంకెవరూ నడవలేదు. లెక్కవేస్తే కాశీకి పోయి తిరిగి వచ్చినంత ఉంటుంది. దారిలో నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు.

నేనెవరినో తెలియనివాళ్ళు ఉంటారని నేను నమ్మను గాని, ఉన్నారనుకుని చెబుతాను. నా పేరు కూర్మయ్య. నాటకాలలో రాక్షస వేషాలు కట్టేవాణ్ణి. నేను రంగం మీద అడుగు వేస్తే మూడూళ్ళ గాబుల్లో నీళ్ళు తొణికేవి. ఒకసారి నా నవ్వు విని పాసింజరు బండి స్టేషను లేని చోట ఆగింది. ఆ మాట గార్డే నాతో చెప్పాడు. ఆయన ఇప్పుడు లేడు, ఉంటే సాక్ష్యం చెప్పేవాడు. అయితే నా అసలు ప్రతాపం చావడంలో ఉండేది. నాలుగు వందల ఊళ్ళలో చచ్చాను, ఊరికి రెండుసార్లు చొప్పున. ఎందుకంటే నేను పడిపోగానే జనం వన్స్‌మోర్ అని అరిచేవారు, నేను లేచి మళ్ళీ చచ్చేవాణ్ణి. చంపినవాడికి చప్పట్లు పడిన జ్ఞాపకం నాకు లేదు.

నాటకాలు తగ్గిపోయి నేను ఇంటిపట్టున ఉన్న రోజులలో రాళ్ళపేటలో బాలవాడి నడిపే దమయంతి నా దగ్గరకు వచ్చింది. మా పక్కింటి పిల్ల, నన్ను చినాన్నా అని పిలుస్తుంది. రాళ్ళపేటలో ఆడవాళ్ళంతా జీడిపప్పు పొట్టు తీసే షెడ్డుకి పోతారు. పొద్దున్నే పిల్లల్ని బాలవాడిలో దింపి పోయి, అన్నం వేళకి వచ్చి చూసుకుంటారు. అలాంటి పిల్లలు పద్దెనిమిది మంది. దమయంతి మొదటి సంవత్సరం వాళ్ళకి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అక్షరాలే దిద్దించింది. తర్వాత వరహాలమ్మ గారి దగ్గర శిక్షణకి పోయి, చిన్నపిల్లలకి ఆట కూడా కావాలని విని వచ్చింది. అన్నం తిన్నంత శ్రద్ధగా పని చేసే పిల్ల కాబట్టి అట్టముక్క మీద గీతలు గీసి, సగం పూట చదువు, సగం పూట ఆట అని రాసి గోడకి అంటించింది. మధ్యలో గంట. చదువు పూట తనది. ఆట పూటకి సరైన మనిషి కావాలి కదా. ఉద్దానంలో అటువంటి మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ సంగతి నేను చెప్పకపోయినా మీకు తెలిసిపోయి ఉంటుంది.

ఆ విధంగా రెండు నెలలు గడిచాయి. పిల్లలు చదువు పూట చదివారు, ఆట పూట నన్ను చూశారు. అంతా బాగుండేది, పైడి లేకపోతే.

పైడి నాలుగేళ్ళ పిల్ల. పొట్టు షెడ్డులో మేస్త్రి ఎర్రమ్మ కూతురు. రెండు నెలలలో ఆ పిల్ల బాలవాడిలో ఒక్క మాట మాట్లాడలేదు. పలక ముట్టలేదు. ఆట పూట కూడా అరుగు చివర కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుని ఉండేది. నేను నవ్వితే పద్దెనిమిది మందిలో పదిహేడు మంది కేరింతలు కొట్టేవారు. ఆ ఒక్క నోరు విప్పించడానికి నేను నా జీవితంలో ఎన్నడూ నవ్వనంత నవ్వాను. చెట్టు మీద పిట్టలు కాపురాలు మార్చుకున్నాయి గాని ఆ పిల్ల పెదవి కదల్లేదు.

ఒక బుధవారం ఎర్రమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, సోమారం నుండి టౌను కాన్వెంటు వేను మా పేటకి వస్తాదంట. నా గుంట రెండు నెలల్లో ఒక్క అక్షరం నేర్సినాదా? రేపు అన్నం వేళకి వస్తాను. ఒక్కటి రాసి సూపించమను. నేదంటే సోమారం వేను ఎక్కించేస్తాను. నన్ను తిట్టుకోకు."

ఎర్రమ్మ వేను ఎక్కిస్తే షెడ్డులో మిగిలినవాళ్ళు కూడా ఎక్కిస్తారు. మేస్త్రి మాట అలాంటిది. పదిమంది కన్నా తగ్గితే బాలవాడికి తాళం వేస్తామని దాన్ని నడిపే మహిళా సంఘం వాళ్ళు ఏనాడో చెప్పి ఉన్నారు. దమయంతి ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు కోడి కూయకముందే నన్ను వెంటబెట్టుకుని అయిదు మైళ్ళ అవతల ఉన్న వరహాలమ్మ గారింటికి బయలుదేరింది. ఆ పిల్ల నడవలేకపోతే భుజాన వేసుకుని పరిగెత్తే ఉద్దేశంతోనే నేను కూడా వెళ్ళాను. కాని ఆ పిల్ల నాకన్నా ముందే చేరింది. నేను దారిలో కావాలనే వెనకపడ్డాను, పెద్దవాడు వెనక ఉంటే ధైర్యమని.

వరహాలమ్మ గారు వాకిట్లో ముగ్గు పెడుతున్నారు.

"అమ్మా, చిన్నపిల్లలకి చదువు ఎంత ఉండాలి, ఆట ఎంత ఉండాలి?" అంది దమయంతి. "మీరు చెప్పినట్టే రెండూ పెట్టాను. కచ్చితంగా సగం సగం. ఒక్క నిమిషం అటూ ఇటూ పోనివ్వలేదు. అయినా ఒక పిల్ల చదవదు, ఆడదు. ఈ పూట గడిస్తే నా బాలవాడి ఉండదు."

ఆవిడ ముగ్గు పూర్తి చేసి, చేతులు కడుక్కుని, గొడుగు తీశారు.

మేం రాళ్ళపేట చేరేసరికి పిల్లల్ని తల్లులు దింపి వెళ్ళిపోతున్నారు. దమయంతి గంట కొట్టింది. పిల్లలు వరసగా కూర్చుని, పలకలు కళ్ళకి అద్దుకుని, దిద్దడం మొదలుపెట్టారు. పైడి పలక మాత్రం గోడకి ఆనించి ఉంది. దాని ముందు ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది. వరహాలమ్మ గారు గొడుగు మూలకి పెట్టి పక్కనున్న చిన్నవాణ్ణి అడిగారు. వాడి పేరు నూకరాజు.

"ఈ అమ్మాయి రాయదా?"

"దీని కాలు సదువులతల్లికి తగిలిపోనాదండి" అన్నాడు నూకరాజు, గొప్ప రహస్యం చెబుతున్నట్టు. "పలక పడిపోనాది, దీని కాలు తగిలినాది. అందరం అరిసేసినాం. టీచరమ్మ లెంపలేయించినాది. మూడుసార్లు."

దమయంతి ముఖం పాలిపోయింది. "మొదటివారం సంగతండీ అది. మమ్మల్ని మా అమ్మ అలాగే పెంచింది. పలకకి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి, అంతే చెప్పాను" అంది. అక్షరాలు దిద్దడం అయింది, చింతపిక్కలతో పది దాకా లెక్కపెట్టడం అయింది. దమయంతి గంట కొట్టింది.

ఇప్పుడు నా పూట. మీసాలకి మసి పూసుకున్నాను. ఎర్రదుప్పటి కట్టుకున్నాను. అట్టగద భుజాన పెట్టుకుని తలుపు వెనక నుంచి దూకాను. అంతకు ముందు ఎన్నో సభలు చూశాను గాని, ఆ పూట నేను చేసినంత బీభత్సం నేనే ఎన్నడూ చేయలేదు. వరహాలమ్మ గారు మొదటిసారి చూస్తున్నారు కదా. నేను ఉరిమితే పెంకులు కదిలాయి. నేను గద తిప్పితే పుట్టిన గాలికి గోడమీది అట్టముక్క ఊడి పడింది. పిల్లలు రెండు వరసలలో బాసింపట్లు వేసుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అటువైపు కన్ను వేశాను, ఆవిడ ముఖంలో ఆశ్చర్యం ఎంత ఉందో చూద్దామని. ఆవిడ నన్ను చూడడం లేదు. పిల్లల్ని చూస్తున్నారు. నన్ను చూడని మనిషిని నా బతుకులో అదే చూడడం.

"ఏమిటిది?" అని ఆవిడ దమయంతిని అడగడం నా చెవిన పడింది.

"ఆటండీ."

"ఎవరిది?"

ఆ మాట అంటూనే ఆవిడ లేచి నా దగ్గరకు వచ్చారు.

"కూర్మయ్యా, చచ్చిపో."

"ఇంకా యుద్ధం కాలేదమ్మా" అన్నాను.

"యుద్ధం లేకుండానే."

"ఎంతసేపు?"

"నేను చెప్పేదాకా. వన్స్‌మోర్ అన్నా లేవకు."

చావమంటే చావడం నాకు కొత్త కాదు. రెండు చేతులూ గాలిలోకి ఎత్తి, మూడుసార్లు గిర్రున తిరిగి, అరుగు కింద వాకిట్లో వెల్లకిలా పడ్డాను. ఆ పడడం చూస్తే శత్రువుకైనా జాలి కలిగి ఉండేది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ అప్పటికే లోపలికి పోయి, వంటకి తీసిన కందిపప్పు చేటలో పోసి తెచ్చి దమయంతి ముందు పెట్టారు.

"దీంట్లో రాళ్ళు ఏరు."

"నిన్ననే ఏరానండీ. రాళ్ళు లేవు."

"వెతుకు. పిలిస్తే తప్ప తల ఎత్తకు."

ఆ తరువాత జరిగినది నేను కళ్ళు మూసుకుని విన్నాను, మధ్యమధ్య ఒక కన్ను సందులోంచి చూశాను. చచ్చిన రాక్షసుడికి ఒక కన్ను కొంచెం తెరిచి ఉండడం శాస్త్రసమ్మతమే.

మొదట పిల్లలు "లెగు తాతా, మల్లీ సావు" అని అరిచారు. ఆ అరుపు వింటే నా ఒంట్లో ప్రతి నరం లేవమని పీకింది. నలభై ఏళ్ళలో ఆ పిలుపు విని నేను లేవని రోజు లేదు. లేవలేదు. నా జీవితంలో నేను చేసిన సాహసాలన్నీ ఒక ఎత్తు, ఆ పూట లేవకపోవడం ఒక ఎత్తు. అరికాళ్ళు గిలిగింతలు పెట్టారు. ముక్కు మీద ఇసక పోశారు. ఒక చీమ, ఏనుగంత చీమ, నా చెవిలోకి పోయి కాపురం పెట్టుకుని బయటికి వచ్చింది. నేను కదల్లేదు. కొంచెంసేపటికి వాళ్ళకి విసుగు పుట్టింది. ఒకడు ఏడుపు లంకించుకున్నాడు. ఇద్దరు ఊరికే నిలబడి గోళ్ళు కొరుక్కున్నారు. నూకరాజు గంట దగ్గరకి పోయి దానివైపు చూశాడు.

"అమ్మా, వాళ్ళకేం తోచడం లేదు" అంది దమయంతి, తల వంచుకునే. "అన్నం వేళ దగ్గరపడుతోంది. ఎర్రమ్మ వచ్చేస్తుంది. ఈ కాస్సేపట్లో ఒక్క అక్షరమైనా చేయి పట్టుకుని రాయిస్తాను."

"కాసేపు ఏమీ జరగదు. జరగకపోతే పోనియ్యి."

"బాలవాడి పోతుందమ్మా."

"నీ చేటలో రాయి ఉంది, చూడు."

నిజంగా ఉందో లేదో నాకు తెలియదు. దమయంతి కళ్ళనీళ్ళు తుడుచుకుని చూస్తూనే ఉండిపోయింది.

అప్పుడు నా పక్కన చిన్న అడుగుల చప్పుడైంది. నా ముక్కు కింద ఎవరో వేలు పెట్టి, ఊపిరి ఉందా అని చూశారు. నేను ఊపిరి బిగబట్టాను. సముద్రంలో ముత్యాలు ఏరేవాళ్ళు కూడా అంతసేపు బిగబట్టలేరు. ఆ వేలు తృప్తి పడి వెనక్కి పోయింది. కన్ను సందులోంచి చూశాను. పైడి. చేతులు వెనక లేవు.

ఆ పిల్ల నా బొజ్జ మీద అరచేత్తో తట్టి చూసింది, బల్ల గట్టిగా ఉందో లేదో చూసుకునే వ్యాపారస్థుడిలా. తర్వాత లోపలికి పోయి చింతపిక్కల డబ్బా తెచ్చి నా బొజ్జ మీద కుమ్మరించింది. పిక్కలు అటూ ఇటూ జారాయి. వాటిని కూడదీసి కుప్పగా చేసి, నా పక్కన ఠీవిగా నిలబడి, రెండు నెలలలో మొట్టమొదటిసారి ఆ బాలవాడిలో నోరు తెరిచింది.

"ఒలే, అక్కడేటి సేస్తున్నారు? పప్పు వచ్చినాది. రండి."

ఆ గొంతు నాలుగేళ్ళ పిల్లది. ఆ మాట మాత్రం షెడ్డు మేస్త్రిది. పిల్లలు ఒక్క క్షణం ఆగి, పరిగెత్తుకుంటూ వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. రోజూ తల్లులు కూర్చున్నట్టే కూర్చున్నారు, ఒక మోకాలు పైకి పెట్టి. పొట్టు తీయాలంటే చేటలు కావాలి. పైడి చుట్టూ చూసింది. చేటలు లేవు. పలకలు ఉన్నాయి. ఆ పిల్ల కాసేపు ఆ పలకల వంక చూస్తూ నిలబడింది. తర్వాత గోడకి ఆనించి ఉన్న తన పలకే ముందు తీసి, దానిలో గుప్పెడు పిక్కలు పోసి, నూకరాజు ఒళ్ళో పెట్టింది. మిగిలినవాళ్ళు ఎవరి పలకలు వాళ్ళు తెచ్చుకున్నారు. ఒకడు హడావిడిలో పలక మీద కాలు వేసి దాటాడు.

దమయంతి గబుక్కున లేవబోయింది. వరహాలమ్మ గారు ఆమె పమిట చెంగు పట్టుకున్నారు. దమయంతి మళ్ళీ కూర్చుంది.

"నువ్వు గున్నమ్మవి" అంది పైడి నూకరాజుతో. గున్నమ్మ అంటే షెడ్డులో ఎర్రమ్మ చేతికింద పొట్టు తీసే మనిషి.

"నేను మగోణ్ణి. గున్నమ్మని కాను."

"పనికొచ్చినావా, నేదా?"

"వచ్చినాను."

"అయితే గున్నమ్మవే. తియ్యి."

వాడు గున్నమ్మ అయిపోయాడు. పైడి ఒక్కొక్కరి దగ్గర ఆగి తనిఖీ చేస్తూ తిరిగింది. జీడిపప్పు పని ఎరగనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. పగలకుండా నిండుగా వచ్చిన పప్పుని గుండు అంటారు, చీలిపోయినదాన్ని బద్ద అంటారు. గుండ్లు తీసే చేతికి షెడ్డులో మర్యాద ఎక్కువ. ఆ పిల్ల ఒకదాని చేతిలో పిక్క లాక్కుని వెలుగులోకి ఎత్తి చూసి, "ఇది ఇంకా పచ్చిగుందే. ఆరక ముందు గోరెట్టీకు. బద్దయిపోద్ది. ఎన్నిసార్లు సెప్పాల నీకు?" అంది. ఆ తిట్టులో కోపం లేదు, పనితనం ఉంది. నేను నాటకాలలో వందమంది స్త్రీ వేషధారులతో ఆడాను. అంత నిఖార్సుగా మాట పలికిన వాళ్ళని చూడలేదు. పక్కనే చచ్చి పడి ఉండి మెచ్చుకోలేకపోవడం నాకు ప్రాణసంకటమైంది.

తర్వాత ఆ పిల్ల నూకరాజు దగ్గర ఆగిపోయింది.

"నీ సేట మీద గుర్తేది?"

"గుర్తు నేదు."

"గుర్తు నేకపోతే ఎవులిది ఏదో తెలీదు కదా. కలిసిపోతే మల్లీ తగువులు."

షెడ్డులో ప్రతి ఆడమనిషి చేట అంచు మీదా సుద్దముక్కతో పేరులోని మొదటి అక్షరం రాసి ఉంటుంది. పిల్లలు పొద్దునా సాయంత్రం చూసేదే. పైడి కాస్త ఆలోచించింది. నా కాళ్ళ మీంచి దాటుకుంటూ అరుగు మీదికి ఎక్కి దమయంతి ఎదురుగా నిలబడింది.

"టీచరమ్మా, గున్నమ్మ సేటకి ఏటి గుర్తు?"

దమయంతి చేతిలో పప్పు జారిపోయింది. రెండు నెలలు ఎదురుచూసిన మాట అది. ఆమె ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. పిల్ల చేయి పట్టుకుని, "రా అమ్మా, కూర్చో. ముందు గ నేర్చుకుందాం. గ ఎలా రాస్తామంటే" అని మొదలుపెట్టింది. పైడి చేయి మెల్లగా వెనక్కి పోతోంది. ఒక అడుగు వెనక్కి వేసింది. రెండో చేయి కూడా వీపు వెనకకి చేరబోతోంది.

వరహాలమ్మ గారు దగ్గారు. అంతే, చిన్న దగ్గు.

దమయంతి పిల్ల చేయి వదిలేసింది. ఒక్క క్షణం ఆగి, చేటలో పప్పుని చేత్తో చదును చేసి, దాని మీద వేలితో గు అని రాసింది. రాసి, ఏమీ ఎరగనట్టు, చేట అంచున ఉన్న పప్పులో రాళ్ళు వెతకసాగింది. ఆ పూట దమయంతి వేషం ముందు నా వేషాలు వెలవెలబోయాయని చెప్పాలి. ఈ మాట నేను ఇంకెవరి గురించీ అనలేదు.

పైడి వంగి ఆ అక్షరాన్ని చూసింది. అరచేతిలో ఒకసారి గీసుకుంది. కిందికి పోయి, బలపం తీసి, నూకరాజు పలక అంచు మీద రాసింది. కొమ్ము పోవలసిన వైపు పోక అవతలి వైపు తిరిగింది. దమయంతి అది చూసింది, పెదవి కొరుక్కుంది, తల వంచుకుంది.

ఆ తర్వాత ఇంకేముంది. మిగిలిన పదహారు మంది ఒక్కసారి లేచారు. నాకేటి గుర్తు, నాకేటి గుర్తు అని చేట చుట్టూ మూగారు. దమయంతి ఒక్కొక్కరికి ఒక్క అక్షరం రాసేది, చెరిపేది. అడగని అక్షరం ఒక్కటి రాయలేదు. వాళ్ళు పరిగెత్తుకుపోయి పలకల మీద రాసుకునేవారు, మధ్యలో మరిచిపోతే మళ్ళీ వచ్చేవారు. చివరికి పైడి మళ్ళీ వచ్చింది.

"మేస్త్రికి?"

దమయంతి ఎ అని రాసింది. మేస్త్రికి చేట ఉండదు, బల్ల ఉంటుంది. ఇక్కడ బల్ల నా బొజ్జ. బలపం నా బొజ్జ మీద పడలేదు. ఆ పిల్ల చుట్టూ చూసి, నా మీసంలోని మసి వేలికి అద్దుకుని, బొడ్డుకి పైన, జానెడు ఎత్తున, ఎ రాసింది. రాజులు కూడా నా ఒంటి మీద చేయి వేయడానికి జంకేవారు. నేను చచ్చి ఉన్నాను కాబట్టి ఊరుకున్నాను.

ఎర్రమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. పక్కన అసలు గున్నమ్మ కూడా ఉంది. పిల్ల వీపు వాళ్ళ వైపు ఉంది. నడుము మీద చేయి పెట్టుకుని నూకరాజుని గద్దిస్తోంది.

"మల్లీ అదే సేస్తున్నావు. ఆరనీ అన్నానా, నేదా? నీకు తొందరైతే పప్పుకి తొందరేటి?"

గున్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వదినా, అచ్చం నువ్వే. నేను నీ నోట రోజూ పడే మాటలే."

"నువ్వూరుకో" అంది ఎర్రమ్మ. అని తనే ఊరుకుంది. పిల్ల అన్న ఆ చివరి మాటను నోటిలో తిప్పి చూసుకుంటున్నట్టు నాకనిపించింది. గున్నమ్మ వంగి నూకరాజు ఒళ్ళోని పలక చూసింది.

"ఇది నా సేట" అంది.

"నీకెలగ తెలిసినాది?" అన్నాడు నూకరాజు.

"నా గుర్తున్నాది కదరా. కొమ్ము ఇటుది అటు తిరిగినా నాదే."

ఎర్రమ్మ వచ్చి నా పక్కన గొంతుకూర్చుని, నా బొజ్జ మీది అక్షరాన్ని చూసింది. వేలితో ముట్టబోయి చెరిగిపోతుందని ఆగింది.

"ఒలే పైడీ, ఇది ఎవులు నేర్పినారు?"

"ఎవులూ నేర్పనేదు" అంది పైడి, పని చెడిపోతోందన్న విసుగుతో. "రాకాసితాత సచ్చిపోనాడు కదా."

ఎర్రమ్మకి ఆ మాట అర్థమైందని నేను అనుకోను. నాకూ కాలేదు. ఆవిడ లేచి కొంగు దులుపుకుంది. దమయంతి చేట పట్టుకుని ముందు నిలబడింది, తీర్పు కోసం నిలబడినట్టు.

"సోమారం వేను వస్తాది. రానీ" అంది ఎర్రమ్మ. "ఒట్టిదే పోతాది. దసరాలు ఎల్లనీ, అప్పుడు సూద్దుం. ఈ గుంటకి ఇవాళ పని మజ్జిలో ఉన్నాది." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "టీచరమ్మా, షెడ్డు కాడ సేటల మీద గుర్తులు సెరిగిపోతన్నాయి. నువ్వొకసారి వచ్చి బాగా రాసి పెడితే బాగున్ను. నేదంటే దీన్నే తోలు."

వాళ్ళు వెళ్ళిపోయిన తర్వాత కూడా నన్ను లేవమని ఎవరూ అనలేదు. పిల్లలు అన్నాలకి పిలిస్తే గాని నన్ను వదల్లేదు. అప్పటికి నేను చచ్చి రెండు గంటలు దాటింది. నిజంగా చచ్చినవాళ్ళలో కూడా అంత నిలకడ నేను చూడలేదు. లేచి చూసుకుంటే నా ఎడమ చేయి తిమ్మిరెక్కి నాది కాకుండా పోయింది. బొజ్జ మీది ఎ మాత్రం అలాగే ఉంది. మూడు రోజులు నేను స్నానం చేయలేదు. అడిగినవాళ్ళకి జలుబని చెప్పాను.

పిల్లలు అన్నాలు తిని పడుకున్నాక వరహాలమ్మ గారు గొడుగు తీసుకున్నారు. దమయంతి, నేను వీధి చివర దాకా సాగనంపడానికి వెళ్ళాం. దమయంతి చేతిలో గోడమీంచి ఊడి పడిన అట్టముక్క ఉంది. మళ్ళీ అంటించాలా వద్దా అని తెలియక దాన్ని పట్టుకుని తిరుగుతోంది.

"అమ్మా, నాకు ఒకటి అర్థం కాలేదు" అంది. "నేను చదువు చెబుతుంటే ఆ పిల్ల ముడుచుకుపోయింది. చినాన్న ఆడిస్తుంటే బిగుసుకుపోయింది. మేం ఇద్దరం పక్కకి పోగానే విచ్చుకుంది. అంటే మేం లేకపోవడమే మంచిదా?"

వరహాలమ్మ గారు నడుస్తూనే ఉన్నారు. "గు ఎవరు రాశారు?" అన్నారు.

"నేనే రాశాను."

"బల్ల ఎవరు?"

దమయంతి నా వంక చూసింది. నేను ఆ ప్రశ్న కోసమే పుట్టినవాడిలా ఛాతీ విరిచాను.

"మరి రాకుండా ఎలా?" అన్నారు ఆవిడ. "రాక్షసుడు రాకపోతే చచ్చేదెవరమ్మా?"

దమయంతి అట్టముక్కని మెల్లగా రెండుగా మడిచింది. ఇంకేదో అడగబోయింది. ఆవిడ అప్పటికే గొడుగు విప్పి ఎండలోకి దిగారు. నాలుగడుగులు వేసి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"కూర్మయ్యా, రేపు ఇంకాస్త ముందుగా చచ్చిపో."